శ్రీకాకుళంలో సలామీ ఉంది, మసాలా లేదు: ఇచ్చిన అక్షరాల్లోంచి ఇంగ్లీషు పదాలు పట్టడం ఎలా

ఒక కాగితం తీసుకుని శ్రీకాకుళం అని ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో రాయండి. పది అక్షరాలు వస్తాయి. ఆ పదింటిలోంచే ఏరుకుని మసాలా అనే మాట రాయగలరేమో చూడండి. ఎం ఉంది, ఎస్ ఉంది, ఎల్ ఉంది. వచ్చేసినట్టే అనిపిస్తుంది. కానీ రాదు. మసాలాకు మూడు ఎ-లు కావాలి, ఊరి పేరులో ఉన్నవి రెండే. ఇటలీ వాళ్ల మాంసం తిండి సలామీకి ఆ రెండూ సరిపోతాయి, కాబట్టి అది వస్తుంది. జపాన్ యోధుడు సమురాయ్ కూడా హాయిగా ఇమిడిపోతాడు: ఎస్-ఎ-ఎం-యు-ఆర్-ఎ-ఐ. ఒక్కో అక్షరానికీ టిక్కు పెట్టుకుంటూ సరిచూసుకోండి.

ఇది కాలక్షేపం ఆటలా కనిపిస్తుంది గానీ, మా జిల్లాలో సగం మంది కుర్రాళ్లకు బతుకుతెరువు వ్యవహారం. రైల్వే, కానిస్టేబుల్, బ్యాంకు, ఏ పరీక్ష రాసినా రీజనింగ్‌లో ‘ఈ పదంలోని అక్షరాలతో ఏర్పడని పదం ఏది’ అన్న ప్రశ్న ఎదురవుతూనే ఉంటుంది. ఇంట్లో పిల్లలకు పేపర్లో జంబుల్ (చెదరగొట్టిన అక్షరాల్ని సర్ది మాట పట్టడం), పెద్దవాళ్లకు ఫోనులో వర్డిల్ (దాచిన ఐదక్షరాల మాటను ఊహించడం). అందరూ చేసేది ఒకటే పని, అక్షరాలిస్తే పదం పట్టడం.

ఒక్క మాట. ఇక్కడ ఇంగ్లీషు అక్షరాల పేర్లను తెలుగులోనే రాస్తున్నాను. ఎ అంటే మొదటి అక్షరం, ఇ అంటే ఐదోది, ఐ అంటే తొమ్మిదోది. పక్కన కాగితం పెట్టుకుని ఇంగ్లీషులో వేసుకుంటూ చదవండి. లేకపోతే తల తిరుగుతుంది.

ముందు అడిగింది ఏమిటో తేల్చుకోండి

తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే. ‘ఈ అక్షరాలున్న పదం చెప్పు’ అంటే అందులో కనీసం నాలుగు వేర్వేరు ప్రశ్నలు దాగి ఉంటాయి.

అవధానం చూసినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. దత్తపదిలో పృచ్ఛకుడు నాలుగు మాటలిస్తాడు. అవి పద్యంలో రావాలి, మిగతా పద్యం అవధాని ఇష్టం. అలాగే కొన్ని ప్రశ్నల్లో ఇచ్చిన అక్షరాలు పదంలో ఎక్కడో ఒకచోట ఉంటే చాలు, వాటికి తోడు ఎన్ని కొత్త అక్షరాలైనా కలుపుకోవచ్చు. న్యస్తాక్షరిలో ఫలానా పాదంలో ఫలానా చోట ఫలానా అక్షరమే పడాలి. క్రాస్‌వర్డ్ గళ్లు అలాంటివే. నిషిద్ధాక్షరిలో ఫలానా అక్షరం రాకూడదు. వర్డిల్‌లో బూడిద రంగుకు మారిన గడి అదే చెబుతుంది. ఇక నాలుగోది, మన పరీక్షల్లో వచ్చేది: ఉన్న అక్షరాలతోనే సరిపెట్టుకోవాలి, బయటి నుంచి ఒక్కటి కూడా తేకూడదు. ఇంట్లో ఉన్న సరుకుతోనే వంట చెయ్యమన్నట్టు.

మీ ముందున్న ప్రశ్న ఈ నాలుగింటిలో ఏదో, లేక ఏ రెండు కలిసి వచ్చాయో ముందు తేల్చుకోండి. ఒకదానికి పనికొచ్చే పద్ధతి ఇంకోదానికి పనికిరాదు.

ఉన్నవాటితోనే సరిపెట్టాలంటే: చిల్లర లెక్క

మీ జేబులో ఒకే ఒక్క పది రూపాయల నాణెం ఉంటే దాన్ని ఆటోవాడికీ టీ కొట్టులోనూ రెండుచోట్లా ఇవ్వలేరు. అక్షరం కూడా అంతే. పేరులో ఎం ఒక్కటే ఉంటే పదంలోనూ ఒక్కసారే వాడగలరు. వినడానికి చిన్నపిల్లలకు చెప్పే మాటలా ఉంటుంది. కానీ చాలా ఏళ్ల కిందట ఓ ఉద్యోగ పరీక్షలో నేను దెబ్బతిన్నది సరిగ్గా ఇక్కడే. ‘అక్షరం ఉందా లేదా’ అని చూశాను గానీ ‘ఎన్ని ఉన్నాయి’ అని చూడలేదు. నెగెటివ్ మార్కులున్న పేపరు. మార్కు రాకపోగా ఉన్నదాంట్లోనూ కోత పడింది.

విజయనగరం పేరుతో చూద్దాం. ఇంగ్లీషులో పన్నెండు అక్షరాలు: వి-ఐ-జెడ్-ఐ-ఎ-ఎన్-ఎ-జి-ఎ-ఆర్-ఎ-ఎం. దీన్ని ఇలాగే చూస్తూ కూర్చోకండి. పక్కన లెక్క వేసుకోండి: ఎ నాలుగు, ఐ రెండు, మిగతావన్నీ ఒక్కొక్కటే. ఈ ఒక్క వాక్యం చేతిలో ఉంటే సగం పని అయిపోయినట్టే.

ఇప్పుడు నాలుగు ఆప్షన్లు ఇచ్చారనుకోండి: అమేజింగ్, మార్జిన్, ఎయిమింగ్, గ్రామర్. వీటిలో ఏర్పడనిది ఏది?

చాలామంది మొదటి ఆప్షన్‌తో మొదలుపెట్టి ఒక్కో అక్షరం కొట్టుకుంటూ వస్తారు. టైము తినేది అదే. అలా కాకుండా, ముందు నాలుగు ఆప్షన్ల మీదా చూపు పరిగెత్తించి, ఏ పదంలో ఒకే అక్షరం రెండుసార్లు వచ్చిందో పట్టండి. అమేజింగ్‌లో రెండు ఎ-లు, మన దగ్గర నాలుగున్నాయి, ఫరవాలేదు. ఎయిమింగ్‌లో రెండు ఐ-లు, మన దగ్గరా రెండే, సరిపోయాయి. గ్రామర్‌లో రెండు ఎం-లు, రెండు ఆర్-లు. అయిపోయింది, జవాబు అదే. మార్జిన్ జోలికి వెళ్లనే అక్కర్లేదు.

జంట అక్షరాలతో తేలకపోతే, అప్పుడు అసలు లేని అక్షరం కోసం చూడండి. మ్యాగజైన్ అని ఇచ్చారనుకోండి. ఎం, ఎ, జి, ఎ, జెడ్, ఐ, ఎన్ అన్నీ ఉన్నాయి, చివర ఇ మాత్రం లేదు. చెవికి వినబడని ఇ కాబట్టి కళ్లు దాటేస్తాయి. ప్రశ్న తయారుచేసేవాళ్లకు ఆ సంగతి బాగా తెలుసు. వర్జీనియా ఇంకో రకం ఉచ్చు: అక్షరాలన్నీ ఉన్నాయి, కానీ దానికి ఐ మూడు కావాలి.

ఈ రెండు చూపులతో చాలా ప్రశ్నలు తేలిపోతాయి. తేలనివాటికే ఒక్కో అక్షరం కొట్టుకుంటూ వెళ్లండి.

పదాలు మనమే పుట్టించాలంటే: గుణింతం

ఆప్షన్లు ఇవ్వనప్పుడు పని కష్టమవుతుంది. ఆరు వేర్వేరు అక్షరాలను వరసలు మార్చి రాస్తే 720 రకాలుగా వస్తాయి. ఏడైతే 5,040. అన్నీ రాసి చూడటం ఎవరి వల్లా కాదు.

తెలుగువాళ్లకు ఇక్కడ ఒక ఇబ్బంది, ఒక వెసులుబాటు రెండూ ఉన్నాయి. ఇబ్బంది ఏమిటంటే, మనకు ‘కా’ అంటే ఒకే అక్షరం, అచ్చు అందులోనే కలిసిపోయి ఉంటుంది. ఇంగ్లీషులో అచ్చు వేరు, హల్లు వేరు. విడివిడిగా చల్లేసిన అక్షరాల్ని చూస్తే మన బుర్ర వెంటనే పలకదు. వెసులుబాటు ఏమిటంటే, హల్లుకు అచ్చు తగిలించడం మనం ఒకటో తరగతిలోనే పాటలా నేర్చుకున్నాం. ఆ గుణింతాన్నే ఇక్కడ వాడాలి.

పలాస జీడిపప్పును తీసుకోండి. క్యాష్యూ: సి-ఎ-ఎస్-హెచ్-ఇ-డబ్ల్యూ. ఆరు అక్షరాలు, ఏదీ రెండోసారి రాలేదు.

ముందు వాటిని వరసలో రాయకండి, గుండ్రంగా రాయండి. వరసలో ఉన్నంతసేపూ కన్ను క్యాష్యూ అనే చదువుతుంది, ఇంకో మాటను రానివ్వదు. గుండ్రంగా రాస్తే మొదలూ చివరా ఉండవు, చూపు ఎటుపడితే అటు తిరుగుతుంది.

తర్వాత అచ్చుల్ని పక్కకు తీయండి. ఇక్కడ ఎ, ఇ రెండే. మిగిలిన నాలుగు హల్లులకు వీటిని తగిలించుకుంటూ పోండి. సి-ఎ దగ్గర కేస్, క్యాష్ దొరుకుతాయి. ఎస్-ఎ దగ్గర సా, అంటే రంపం. ఎస్-ఇ దగ్గర సీ, అంటే సముద్రం. హెచ్-ఎ దగ్గర హ్యాజ్. డబ్ల్యూ-ఎ దగ్గర వాజ్, వాష్. సి-ఇ దగ్గర ఏమీ దొరకలేదు, దాన్ని పట్టుకుని వేలాడకండి, ముందుకు వెళ్లిపోండి.

ఆ తర్వాత తిరగేసి, అచ్చు ముందు పెట్టి చూడండి. ఎ ముందుంటే యాష్, ఏస్. ఇ ముందుంటే ఈచ్.

మూడో విడతకు ఒత్తులు. తెలుగులో సంయుక్తాక్షరాలున్నట్టే ఇంగ్లీషులోనూ కొన్ని హల్లులు జంటగా తిరుగుతాయి: సి-హెచ్, ఎస్-హెచ్, టి-హెచ్, ఎస్-టి, టి-ఆర్, పి-ఎల్, సి-కె. మీ దగ్గరున్న హల్లుల్లో ఏ జంటలు కుదురుతాయో చూడండి. ఇక్కడ సి-హెచ్ ఉంది కాబట్టి ఛేజ్, చ్యూ. ఎస్-హెచ్ ఉంది కాబట్టి షీ. సి-హెచ్‌ను మధ్యలోకి పంపితే ఏక్, అంటే నొప్పి.

చివరి విడత తోకలు. ఎస్ ఉంటే బహువచనం అవుతుందేమో చూడండి: ఏక్స్, చ్యూస్. ఇ-డి ఉంటే భూతకాలం. ఐ-ఎన్-జి మూడూ ఉంటే పండగే, వాటిని విడిగా తీసి పక్కన పెట్టి మిగతావాటిలో క్రియ కోసం చూడండి. విజయనగరంలో ఐ-ఎన్-జి ఉంది. తీసేస్తే మిగిలేవి ఎ నాలుగు, వి, జెడ్, ఇంకో ఐ, ఆర్, ఎం. వాటిలోంచి ఆర్మ్ తీస్తే ఆర్మింగ్, ఎయిమ్ తీస్తే ఎయిమింగ్, రేవ్ తోక కత్తిరిస్తే రేవింగ్, అమేజ్ తోక కత్తిరిస్తే అమేజింగ్. గ్రేజింగ్ మాత్రం రాదు. ఉన్న ఒక్క జి తోకలోకే పోయింది, ముందు పెట్టడానికి ఇంకోటి లేదు. గేమింగ్‌దీ అదే కథ.

ఈ నాలుగు విడతలు ఈ వరసలోనే చెయ్యాలని నియమం లేదు. నేనైతే తోకలతోనే మొదలుపెడతాను. కానీ కొత్తలో వరస తప్పకుండా చేస్తే ఏదీ జారిపోదు.

చెవిని నమ్మకండి

దీన్ని విడిగా చెప్పక తప్పదు. మనం చదివినట్టే రాస్తాం, రాసినట్టే చదువుతాం. ఇంగ్లీషులో ఆ ఒప్పందం లేదు. ఎ-సి-హెచ్-ఇ అనే నాలుగక్షరాలనే ఒక వరసలో పెడితే ఈచ్, ఇంకో వరసలో పెడితే ఏక్. మొదటిదాంట్లో చ వినిపించిన సి-హెచ్ రెండోదాంట్లో క అయి కూర్చుంది. పైకి పలుకుతూ వెతికేవాడికి రెండోది ఎప్పటికీ తట్టదు.

అలాగే బి, సి, డి మూడూ ఉన్న పదం చెప్పమంటే వంటింట్లో నిలబడి కూడా కప్‌బోర్డ్ అని చెప్పలేనివాళ్లను చూశాను. అందులో పి ఉంది గానీ నోరు పలకదు, దాంతో మాట మొత్తం రూపమే చెవికి వేరుగా వినిపిస్తుంది. కాబట్టి వెతికేటప్పుడు నోరు మూసుకుని కళ్లతో వెతకండి. పలకని అక్షరాలు ఎక్కువగా ఎక్కడుంటాయో గుర్తుపెట్టుకోండి: చివరి ఇ, కె-ఎన్‌తో మొదలయ్యే మాటల్లో కె, డబ్ల్యూ-ఆర్‌తో మొదలయ్యే మాటల్లో డబ్ల్యూ, ఎం తర్వాత చివరలో వచ్చే బి, జి-హెచ్ జంట.

తోడు అక్షరాలు కలుపుకోవచ్చంటే: అరుదైనదాంతో మొదలుపెట్టండి

ఇది దత్తపది రకం. ఇచ్చిన అక్షరాలు ఉండాలి, మిగతాది మన ఇష్టం. స్వేచ్ఛ ఎక్కువైనప్పుడే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు.

ఇచ్చినవాటిలో ఇంగ్లీషులో అన్నిటికన్నా తక్కువగా వాడే అక్షరాన్ని పట్టుకోండి. ఏది అరుదు, ఏది మామూలు అన్నదానికి స్క్రాబుల్ (అక్షరాల బిళ్లలతో మాటలు కట్టే ఆట) పెట్టెకన్నా మంచి పట్టిక లేదు. ఆల్ఫ్రెడ్ బట్స్ అనే అమెరికన్ ఆర్కిటెక్ట్ 1938లో ఈ ఆట తయారుచేస్తూ వార్తాపత్రికల్లో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టి బిళ్లలు కేటాయించాడు. వంద బిళ్లల్లో ఇ పన్నెండు. ఎ, ఐ తొమ్మిదేసి. ఓ ఎనిమిది. ఎన్, ఆర్, టి ఆరేసి. జె, కె, క్యూ, ఎక్స్, జెడ్ ఒక్కొక్కటే. ఎస్ ఒక్కదాన్ని ఈ లెక్కతో కొలవకండి. ప్రతి మాటకూ చివర ఎస్ తగిలించి బహువచనం చేసేస్తారని దాన్ని కావాలనే నాలుగుకు కట్టేశారు, నిజానికి అది చాలా తరచుగా వచ్చే అక్షరం. టెలిగ్రాఫ్ మోర్స్ కోడ్‌లోనూ ఇదే తెలివి కనిపిస్తుంది: ఎక్కువ వాడే ఇ-కి ఒక్క చుక్క, టి-కి ఒక్క గీత.

సరే, జె, కె ఇచ్చారనుకోండి. జె ఎక్కువగా మాట మొదట్లోనే ఉంటుంది. జె పక్కన గుణింతం వేసుకుంటూ వెళ్లి ఎక్కడ కె తగులుతుందో చూడండి: జాకెట్, జాక్‌పాట్, జెర్క్, జోక్, జాకీ, జంక్. రెండు నిమిషాల్లో ఆరు మాటలు.

క్యూ ఇస్తే దాని వెనకే యు వస్తుంది, ఆ రెంటినీ ఒకే అక్షరం అనుకోండి. క్యూతో పాటు టి కావాలంటే క్వైట్, క్వయిట్, క్వెస్ట్, రిక్వెస్ట్, బొకే, బాంక్వెట్. యు లేకుండా క్యూ వచ్చే మాటలూ కొన్ని ఉన్నాయి. మన ఫకీరును ఇంగ్లీషు నిఘంటువులు ఎఫ్-ఎ-క్యూ-ఐ-ఆర్ అని కూడా రాస్తాయి.

డబ్ల్యూ, హెచ్, టి ఇచ్చారా? వీటిలో డబ్ల్యూ అరుదు. ముందు అది మొదట్లో ఉందనుకోండి: వాట్, విత్, వైట్, వాచ్, వర్త్, వీట్, వెయిట్, వెల్త్. ఇక్కడితో ఆగిపోతారు చాలామంది. ఇప్పుడు డబ్ల్యూను మధ్యకు, చివరకు తోయండి: గ్రోత్, త్రో. ఇచ్చిన వరసలోనే అక్షరాలు రావాలని ప్రశ్నలో లేకపోతే ఆ వరసకు కట్టుబడకండి.

ఇందాకటి బి, సి, డికి కప్‌బోర్డ్ కాక ఇంకేం వస్తాయి? బ్రాడ్‌కాస్ట్, అబ్డక్ట్, బెడ్‌రాక్. నాకు ఇష్టమైనది బ్యాండికూట్. అది మన పందికొక్కే, తెలుగులోంచి ఇంగ్లీషులోకి వెళ్లిన మాట. పొలం గట్టు తవ్వేసినప్పుడు తిట్టుకుంటాం గానీ, ఈ ఆటలో మాత్రం ఆదుకుంటుంది.

పిల్లలకు పెట్టడానికి ఒక మంచి ప్రశ్న: ఐదు అచ్చులూ ఉన్న పదాలు చెప్పమనండి. ఎడ్యుకేషన్ అని అందరూ చెప్పేస్తారు, అందులో ఒక్క అక్షరం కూడా రెండోసారి రాదు కూడా. దాన్ని నిషేధించండి. రైతు బజారు సంచిలోకి చూడమని సైగ చెయ్యండి, కాలీఫ్లవర్ దొరుకుతుంది. ఆ తర్వాత డైలాగ్, ఆటోమొబైల్, ఈక్వేషన్.

గడులు ఇచ్చినప్పుడు

వర్డిల్‌ను 2021లో జోష్ వార్డిల్ అనే సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ జనంలోకి వదిలాడు, 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ కొనుక్కుంది. ఐదు అక్షరాలు, ఆరు అవకాశాలు. ఆకుపచ్చ గడి వస్తే న్యస్తాక్షరి, అక్షరం ఆ చోటే ఉంది. పసుపు వస్తే దత్తపది, ఉంది గానీ ఆ చోట లేదు. బూడిద రంగు నిషిద్ధాక్షరి. మూడూ ఒకేసారి నడుస్తాయి కాబట్టి కాగితం మీద మూడు వరసలుగా రాసుకోండి, ఒక్క బుర్రలో పెట్టుకోవడానికి మనం అవధానులం కాము.

ఒక ఉచ్చు గురించి చెప్పాలి. చివరి నాలుగు గడులు ఆర్-ఎ-ఐ-ఎన్ అని తేలిపోయాయి. సంబరపడతాం. కానీ మొదటి గడిలో బి పెడితే బ్రెయిన్, డి పెడితే డ్రెయిన్, జి పెడితే గ్రెయిన్, టి పెడితే ట్రెయిన్. ఒక్కొక్కటీ వేసుకుంటూ పోతే నాలుగు అవకాశాలూ కరిగిపోవచ్చు. అలాంటప్పుడు జవాబు కాదని తెలిసిన మాటనే కావాలని వెయ్యండి. డెబిట్ అని వేస్తే డి, బి, టి మూడూ ఒక్క దెబ్బకు తేలిపోతాయి. ఆ మూడింటిలో ఒకటి ఆకుపచ్చగానో పసుపుగానో మారితే అదే. మూడూ బూడిదైతే గ్రెయిన్. ఒక అవకాశం పోయిందనుకోకండి, రెండు మిగిలాయి. హార్డ్ మోడ్ (తేలిన అక్షరాల్ని తర్వాతి మాటల్లోనూ వాడి తీరాలనే పద్ధతి) పెట్టుకుని ఆడేవాళ్లకు మాత్రం ఈ దారి లేదు.

ఇంకోటి, స్పెల్లింగు. మనం బడిలో నేర్చుకున్నది బ్రిటిష్ పద్ధతి. హ్యూమర్, ఫేవర్ మనకు ఆరేసి అక్షరాలు. అమెరికా వాళ్లు యు తీసేసి ఐదుతో రాస్తారు. అమెరికా పజిల్ ఆడుతున్నప్పుడు ఆ లెక్క గుర్తుంచుకోండి.

జంబుల్‌కు ఒక నోటుబుక్కు

దీర్ఘకాలంలో నాకు అన్నిటికన్నా ఉపయోగపడింది ఇదే. ఖర్చు ఒక నోటుబుక్కు. ఎడమ వైపు పదంలోని అక్షరాల్ని అకారాది క్రమంలో సర్ది రాయండి, కుడి వైపు అసలు పదం రాయండి. స్టాప్ అనే మాటను సర్దితే ఓ-పి-ఎస్-టి అవుతుంది. స్పాట్‌ను సర్దినా అదే. పోస్ట్, టాప్స్, పాట్స్, ఆప్ట్స్, అన్నీ అదే గడిలోకి వచ్చి పడతాయి. నాలుగు అక్షరాలకు ఇరవై నాలుగు వరసలుంటే వాటిలో ఆరు మంచి మాటలు.

ఎ-ఇ-ఎం-టి గడిలో మీట్, టీమ్, మేట్, టేమ్. ఇ-ఐ-ఎల్-ఎన్-ఎస్-టి గడిలో లిజన్, సైలెంట్, ఎన్‌లిస్ట్. ఎ-ఇ-ఎల్-పి-ఎస్-టి గడిలో ప్లేట్స్, పెటల్స్, స్టేపుల్, పాస్టెల్. ఎ-డి-ఇ-జి-ఎన్-ఆర్ గడిలో గార్డెన్, డేంజర్. పేపర్లో జంబుల్ వచ్చినప్పుడు ఇచ్చిన అక్షరాల్ని ముందు సర్దండి, తర్వాత నోటుబుక్కులో ఆ గడి వెతకండి. రోజూ నాలుగు మాటలు రాసుకుంటూ పోతే కొన్నాళ్లకు బుక్కు తీయకుండానే సగం గుర్తొస్తాయి. కంప్యూటర్లు జంబుల్ విప్పడానికి వాడే పద్ధతుల్లో ఇదీ ఒకటి.

ఒకే గడిలో రెండు మాటలుంటే ప్రశ్నలోని మిగతా ఆప్షన్లు చూడండి. పక్కన రోడ్డు గుర్తుల మాటలుంటే డేంజర్, మొక్కల మాటలుంటే గార్డెన్.

ఫోనులో వెతికితే

అక్షరాలిస్తే పదాల జాబితా ఇచ్చే వర్డ్ ఫైండర్ సైట్లు చాలా ఉన్నాయి. వాటిలో మూడు నాలుగు పెట్టెలుంటాయి: ఉన్న అక్షరాలు, మొదలు, చివర, మధ్యలో ఉండాల్సినవి. మొదట చెప్పిన ప్రశ్నల్లో కొన్నే ఈ పెట్టెలు. తప్పు పెట్టెలో వేస్తే తప్పు జాబితా వస్తుంది. క్యాష్యూ అక్షరాల్ని ‘మధ్యలో ఉండాలి’ అన్న పెట్టెలో వేస్తే ఈచ్, ఛేజ్ మీకు కనబడవు, క్యాష్యూ అనే మాట ముక్కగా ఉన్నవే వస్తాయి.

వన్‌లుక్ లాంటి నిఘంటు సైట్లలో తెలియని ఒక్కో అక్షరానికి ఒక ప్రశ్నార్థకం, ఎన్ని అక్షరాలో కూడా తెలియనప్పుడు నక్షత్రం గుర్తు పెట్టి వెతకొచ్చు. క్రాస్‌వర్డ్‌కు అది చాలు.

జాబితాలో విచిత్రమైన రెండక్షరాల మాటలు వస్తే కంగారుపడకండి. క్యూ-ఐ, జెడ్-ఎ లాంటివి స్క్రాబుల్‌లో చెల్లుతాయి, అక్కడ వాటికి బోలెడు పాయింట్లు. ఉద్యోగ పరీక్షకు వాటి అవసరం ఉండదు. పరీక్షకు చదివేవాళ్లకు ఇంకో మాట: ముందు పది నిమిషాలు చేత్తో వెతికి, ఆ తర్వాతే ఫోను తీసి మీరు వదిలేసినవేమిటో చూసుకోండి. ఏ రకం మాటలు మీకు ఎప్పుడూ జారిపోతున్నాయో తెలుస్తుంది. నాకు పలకని ఇ ఉన్నవి జారిపోయేవి.

సాధనకు రైలు కిటికీ

శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో ప్యాసింజర్ ఎక్కి విజయనగరం వెళ్లేటప్పుడు మా మేనల్లుడితో ఆడే ఆట ఇది. బోర్డు మీద ఊరి పేరు ఇంగ్లీషులో పెద్దగా రాసి ఉంటుంది. తర్వాతి స్టేషన్ వచ్చేలోపు ఆ అక్షరాలతో ఎన్ని పదాలు చెబితే అన్ని పాయింట్లు, ఐదక్షరాలు దాటితే రెట్టింపు.

పొందూరులో పౌండ్, రౌండ్, ప్రౌడ్ దొరుకుతాయి. సిగడాంలో సిగ్మా ఉంది, లెక్కల్లో వాడే గుర్తు. చీపురుపల్లిలో చీప్, పీచ్, పర్పుల్ ఉన్నాయి. ఈ ఊరి పేరు చివర కొందరు ఇ రాస్తారు, కొందరు ఐ. పర్పుల్‌కు రెండూ ఒకటే, ప్యూపిల్ కావాలంటే మాత్రం ఐ ఉండి తీరాలి. ఆట మొదలవకముందే బోర్డు మీద ఉన్న స్పెల్లింగే ప్రమాణం అని ఒప్పందం చేసుకోండి. మేం చేసుకోక గరివిడి దాకా గొడవపడ్డాం.

గరివిడిలో వాడు “మావయ్యా, వివిడ్ వచ్చేసింది!” అని అరిచాడు. బోర్డు చూపించి వి ఎన్నున్నాయో లెక్కపెట్టమన్నాను. ఒక్కటే. “అయితే రిజిడ్ వస్తాదా?” అన్నాడు. ఆర్, జి, డి ఒక్కొక్కటి, ఐ రెండు కావాలి, ఊరి పేరులో మూడున్నాయి. వస్తుంది.

నెల్లిమర్ల అన్నిటికన్నా గొప్ప బోర్డు. ఎల్ మూడు, ఎ రెండు ఉన్నాయి. మినరల్, మెరైన్, ఈమెయిల్, యానిమల్ అన్నీ వస్తాయి. జూట్ మిల్లుతో పేరుపడ్డ ఊరు కదా, మిల్ కూడా అందులోనే ఉంది.

ఇక మిగిలింది విజయనగరం. వాడికి అమేజింగ్ ముందే తెలుసు. అందుకే రైలు నెల్లిమర్ల దాటకముందే ఆ మాట నిషిద్ధాక్షరిలో పెట్టేశాను. మూతి ముడుచుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. దిగేముందు మాత్రం నెమ్మదిగా “మెరీనా” అన్నాడు. వేళ్ల మీద లెక్కపెట్టాను. సరిపోయింది.